మ్యూజియం అరుగు మీద తలంబ్రాలు

పుదుచ్చేరి వచ్చి నెలలు గడుస్తున్నా పల్లవికి నచ్చనిదంటూ ఇంకా ఏదీ ఎదురుపడలేదు. పోలీసుల ఎర్ర టోపీలు నచ్చాయి. లాస్‌పేటలో అద్దె ఇంటి వంటగది కిటికీలోంచి ఎదురింటివాళ్ళ మునగచెట్టు కనబడటం నచ్చింది. స్కూటరెక్కే ముందు ఉమామహేష్ ఆమె గడ్డం కింద హెల్మెట్ పట్టీ తానే బిగించి, సరిగ్గా పడిందో లేదో వేలితో ఒకసారి లాగి చూడటం అన్నిటికన్నా ఎక్కువ నచ్చింది. ఆ పట్టీ బిగించుకోవడం తనకూ వచ్చునన్న సంగతి ఆమె ఇంతవరకు అతనికి చెప్పలేదు.

అతను విద్యుత్ శాఖలో జూనియర్ ఇంజనీరు. పెళ్ళయిన కొత్తలోనే యానాం నుంచి బదిలీ అయింది. అతను ఆఫీసుకు వెళ్ళాక ఇంట్లో పొద్దుపోక, చరిత్రలో ఎమ్మే చదివిన పల్లవి ఊళ్ళో ఒక చిన్న మ్యూజియంలో జీతం లేని పనికి కుదిరింది. పాత మండువా ఇల్లు అది. వీధి వైపు పొడవాటి అరుగు, లోపల ఊరి పాత ఫొటోలు, ఇత్తడి పాత్రలు, చెక్కడం పని ఉన్న తలుపులు, ఊరి బట్టల మిల్లులో నేసిన గుడ్డలు. ప్రతి శనివారం సాయంత్రం మండువాలో ఏదో ఒక ప్రసంగమో వర్క్‌షాపో ఉంటుంది. ఒకసారి సున్నం గచ్చు ఎలా వేస్తారో చేసి చూపిస్తారు. ఒకసారి వీధుల పాత పేర్ల గురించి ఎవరో మాట్లాడతారు. కుర్చీలు వేయించడం, వచ్చినవాళ్ళకు సుక్కు కాఫీ, అంటే శొంఠి కాఫీ, అందించడం, మైకు మూగబోతే దాని నెత్తిన ఒకటి వేయడం పల్లవి పనులు. అవీ నచ్చాయి.

మ్యూజియం బాధ్యత దేవరాజన్‌ది. రిటైరైన కాలేజీ మాస్టారు. ఒకరోజు ఆయన పల్లవిని పిలిచి, ఆమెకు అర్థమయ్యేలా నిదానంగా తమిళంలో చెప్పాడు.

“మన ఊరి ఇళ్ళలో పెళ్ళిళ్ళ మీద వర్క్‌షాపులు పెడుతున్నాం కదమ్మా. ముదలియార్‌పేట తెలుగువాళ్ళది మిగిలిపోయింది. అది నువ్వు చూసుకో.”

పల్లవి ఆ రాత్రే రంగు పెన్సిళ్ళు ముందేసుకుని తెలుగులో పోస్టర్లు రాసింది. మర్నాడు ముదలియార్‌పేటలో అంగళ్ళ గోడలకు అంటించి వచ్చింది. వారం గడిచినా ఒక్కరూ రాలేదు. చివరికి ఎవరో చెప్పగా వెంకటరమణమ్మ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది. మిల్లులో పనిచేసి మానేసిన మనిషి. ఆ వీధుల్లో ఏ తెలుగు ఇంట పెళ్ళి జరిగినా ముందు నిలబడి పాటలు పాడేది, ఏది ముందో ఏది వెనకో చెప్పేది ఆవిడేనట.

“మామ్మగారూ, కిరాణా కొట్టు గోడ మీద కాగితం చూశారాండీ? నేనే అంటించాను.”

“చూసినా, చూసినా. ముగ్గు మాదిరి ఎంత అందంగా రాసినావు! ఏమి రాసినావు?”

“తెలుగే కదండీ అది!”

“మాకు తెలుగు చదివేదానికి యాడ వస్తుంది? మాట్లాడేది ఇంట్లో. ఇస్కూల్లో అంతా అరవమే కదా. అరవంలో రాసింటే వీధి వీధే లేచొచ్చుండును. ఇంకోటి, మామ్మ ఏంది మామ్మ? అవ్వ అను.”

“సరే అవ్వా. వర్క్‌షాపులో మీరు మీ పెళ్ళిళ్ళ గురించి చెప్పాలండి.”

“మైకు పట్టుకోని చెప్పమంటే నాకు రాదు. చేసి చూపిస్తా. పెండ్లికూతురు, పెండ్లికొడుకు కావాల.”

“మా మ్యూజియంలో పెద్ద బొమ్మలున్నాయి. వాటికి చీర కట్టి...”

“బొమ్మల పెండ్లికి నేనెందుకు? పాపలు చేసుకుంటారు. పెండ్లికాని పిల్లల్ని కూర్చోబెడితే వాళ్ళమ్మలు నన్ను కొట్టేదానికి వస్తారు. పెండ్లైన జంట అయితే తప్పులేదు. నీకు మొగుడుండాడు కదా, యాడ ఉండాడు?”

“తేంగాయితిట్టులో. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిందట.”

“ఆ పని అయినాక తీసుకోనిరా. పసుపు బియ్యం నేను కలుపుకోనొస్తా. తలంబ్రాలు లేకుంటే అదేం పెండ్లి?”

అవ్వ ఇచ్చిన టీ గ్లాసు పల్లవి నోటిదాకా వచ్చి అక్కడే ఆగిపోయింది.

తలంబ్రాలు లేని పెళ్ళి అంటే ఆమె పెళ్ళే. యానాంలో కిందటి మాఘమాసంలో జరిగింది. జీలకర్ర బెల్లం పెట్టుకున్నారు, తాళి కట్టాడు. తలంబ్రాల పళ్ళేలు తెచ్చి ఇద్దరి ముందూ పెట్టారు. ఎవరు ఎక్కువ పోస్తారోనని ఆమె అన్నలు, అతని బావలు అప్పటికే రెండు జట్లు కట్టి అరుస్తున్నారు. సరిగ్గా అప్పుడు మామగారి జేబులో ఫోను మోగింది. ఉమామహేష్ తాతగారు, అప్పటికే మంచం పట్టిన మనిషి, ఇంట్లో కన్నుమూశారు. సన్నాయి ఆగింది. అతని వైపువాళ్ళంతా లేచారు. అతనూ లేచాడు. బియ్యం పళ్ళేల్లోనే ఉండిపోయింది.

పెళ్ళి వాయిదా వేయొద్దని పట్టుబట్టింది ఆ తాతగారే. ఎవరినీ ఏమీ అనడానికి లేదు. “ఏడాది తిరిగాక పోయిద్దాంలే” అని పిన్నత్తగారు ఒకరు అన్నారు, ఆ తర్వాత ఆ మాట అందరూ మరిచిపోయారు. పల్లవి మరిచిపోలేదు. ఫోనులో ఎవరి పెళ్ళి వీడియో వచ్చినా తలంబ్రాల దగ్గరికి జరిపి రెండుసార్లు చూసేది. ఆ సంగతి కూడా ఉమామహేష్‌కు తెలియదు.

రాత్రి అన్నాల దగ్గర పెరుగు వడ్డిస్తూ మొదలుపెట్టింది.

“శనివారం మ్యూజియంలో మనిద్దరం పెళ్ళి చేసుకోవాలి మహేష్.”

“మళ్ళీనా? ఉన్న ఒక్క పెళ్ళాంతోనే స్కూటరు నిండిపోతోంది.”

పల్లవి నవ్వి, వెంకటరమణమ్మ సంగతంతా చెప్పింది. అతనూ నవ్వుతూనే విన్నాడు. తలంబ్రాల మాట వచ్చేసరికి కంచంలో చెయ్యి ఆగింది.

“తాతయ్యకి ఏడాది తిరగలేదు పల్లవీ.”

“ఇది పెళ్ళి కాదు కదా. వర్క్‌షాపు.”

“ఉత్త వర్క్‌షాపే అయితే నీ మొహం అంత వెలిగిపోతోందేం?”

ఆమె మొహం తిప్పుకుని పెరుగు గిన్నె మీద మూత పెట్టింది. అతనే మళ్ళీ అన్నాడు.

“నిన్ను కాదనాలని కాదు. ఆ పసుపు బియ్యం చూస్తే నాన్న జేబులో ఫోను మోగుతున్నట్టే ఉంటుంది.”

ఈ చిక్కును దేవరాజన్ తనకు తెలియకుండానే విప్పాడు. వర్క్‌షాపులో ఏమేం వాడతారో చెప్పమని అడిగి, బియ్యం అనగానే తల అడ్డంగా ఊపాడు.

“కుదరదమ్మా. ఒక్క గింజ చెక్క సందులో పడిందంటే పురుగు పడుతుంది. నా తలుపులూ గుడ్డలూ పోతాయి. పార్టీలకు వాడే థర్మోకోల్ పూసలు తెప్పిస్తాను.”

ఉమామహేష్ ఈ మాట విని ఊపిరి పీల్చుకున్నాడు. “థర్మోకోల్ అయితే వస్తాను. దానికి సూతకం ఉండదు.”

“సరే” అంది పల్లవి. సరే అనడం ఆమెకు ఎప్పుడూ సులువే. ఈసారి మాత్రం అంత సులువుగా రాలేదు.

ఈసారి బోర్డు దేవరాజన్ చేత అరవంలో రాయించింది. వెంకటరమణమ్మ చెప్పినట్టే వీధి వీధే లేచొచ్చింది. కుర్చీలు చాలక జనం మండువా చుట్టూ నేల మీద కూర్చున్నారు. అవ్వ జరీ పంచె తెర పట్టించింది, బాసికాలు కట్టింది, ప్రతి పనికీ ఒక పాట పాడి అర్థం తమిళంలో చెప్పింది. ఉమామహేష్ పీట మీద, పై అధికారి తనిఖీకి వచ్చినట్టు బిగుసుకుని కూర్చున్నాడు. పల్లవి పెళ్ళినాటి పట్టుచీర కట్టుకుంది. అలా అందరి ముందూ అతని పక్కన కూర్చోవడం ఆమెకు ఎంతో బాగుంది.

థర్మోకోల్ పూసల పళ్ళేలు వచ్చాయి.

“ఏందిది, సబ్బు నురగా?” అంది అవ్వ.

పల్లవి దోసిలి పట్టి పోసింది. ఒక్క పూసా కింద పడలేదు. సగం అతని జుట్టుకూ మీసాలకూ అంటుకున్నాయి. సగం ఫ్యానుగాలికి ఎగిరి ముందు వరసలో కాఫీ గ్లాసుల్లో తేలాయి. అతను పోసినవి ఆమె చీరను పట్టుకుని వదల్లేదు. జనం పడీపడీ నవ్వారు. అవ్వకు మాత్రం నవ్వు రాలేదు.

“చాలించండప్పా. ఇది చూసి మా పెండ్లిండ్లు ఇట్లే అనుకుంటారు. లేయండి, అందురూ బయటి తిణ్ణ మీదికి రండి. సారూ, తిణ్ణ మీ మ్యూజియంలోకి వస్తుందా?”

దేవరాజన్ గడ్డం గోక్కున్నాడు. “అరుగు వీధిదే” అని తేల్చాడు.

పల్లవి వద్దనే లోపే జనం ఇద్దరినీ అరుగు మీదికి తోసుకొచ్చారు. అవ్వ సంచిలోంచి స్టీలు డబ్బా తీసి మూత తెరిచింది. నిండా పచ్చని బియ్యం. పల్లవి రెండు చేతులూ పట్టి దోసిలి నింపింది.

“పొయ్యి తల్లీ.”

చప్పట్లు మొదలయ్యాయి. గింజలు చల్లగా, బరువుగా, పసుపు వాసన వేస్తున్నాయి. ఎన్ని వీడియోల్లో చూసిందో, అది ఇప్పుడు తన చేతుల్లో ఉంది. చేతులెత్తింది. ఉమామహేష్ మీసాల మీద తెల్ల పూసలతో నిలబడి, తల వంచాడు. ఇంజెక్షనుకు చెయ్యి చాపేవాళ్ళు ఎలా ఓర్చుకుంటారో అలా ఉంది అతని మొహం. తను పోస్తే అతను ఈరోజు ఒక్క మాట అనడు, ఎప్పటికీ అనడు. అది ఆమెకు బాగా తెలుసు.

ఎత్తిన చేతులు దించి, బియ్యం మెల్లగా డబ్బాలోకి జార్చింది.

“అవ్వా, వాళ్ళ తాతగారికి ఇంకా ఏడాది తిరగలేదు. మాఘంలో తిరుగుతుంది.”

చప్పట్లు ఆగిపోయాయి. అవ్వ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది.

“ముందే చెప్పేదానికి ఏమొచ్చింది నీకు? పోయించేసుంటే నేను ఎవరి మొకం చూసేది?” అని పల్లవి చేతి మీద ఒక్కటి వేసింది. తర్వాత జనం వైపు తిరిగి, మైకు లేకుండానే తమిళంలో గట్టిగా చెప్పింది. “ఇది కూడా మా పెళ్ళిలో ఒక పద్ధతే. ఇంట్లో పోయినవాళ్ళకు ఏడాది తిరగకుండా బియ్యం కింద పడదు. చూశారు కదా, వర్క్‌షాపు అయిపోయింది.”

డబ్బా మూత బిగించి ఉమామహేష్ చేతిలో పెట్టింది. “నువ్వు పెట్టుకో. ఇంక దీనికి లెక్క చెప్పాల్సింది నువ్వే.”

ఇంటికి బయలుదేరేటప్పుడు అతను హెల్మెట్ పట్టీ బిగించి, ఆమె చెవి వెనక నుంచి ఒక థర్మోకోల్ పూస తీశాడు.

“పోసేయాల్సింది. నేనేం అనేవాణ్ణి కాదు.”

“అనవనే పొయ్యలేదు. నువ్వు తల వంచావు. తలంబ్రాలకి తల వంచకూడదు మహేష్, మునివేళ్ళ మీద నిలబడి మీద పడాలి.”

అతను పట్టీని వేలితో రెండోసారి కూడా లాగి చూశాడు.

మాఘంలో యానాం వెళ్ళి తాతగారి సంవత్సరీకం చేసి వచ్చారు. స్టీలు డబ్బా వంటగది అలమరలో, పోపుల డబ్బా పక్కనే ఉంది. పల్లవి రోజూ దాన్ని కొంచెం పక్కకు జరిపి ఆవాలు తీసుకునేది. డబ్బా మాట అతను ఎత్తలేదు, ఆమె అడగలేదు.

ఒక శనివారం మ్యూజియంలో పాత వీధి దీపాల మీద ప్రసంగం. పల్లవి ముతక చీరలో, చంకలో మైకు వైరుతో కుర్చీలు సర్దుతోంది. పొద్దున అలమర తీసినప్పుడు డబ్బా కనబడలేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ప్రసంగం అయిపోయి జనం లేస్తుండగా వీధిలో ఆటో ఆగింది. ముందు వెంకటరమణమ్మ దిగింది. వెనక పట్టుపంచె చెంగు చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో స్టీలు డబ్బాతో ఉమామహేష్ దిగాడు. దేవరాజన్‌కు నమస్కారం పెట్టి, తనకు వచ్చిన కొంచెం తమిళంలో అడిగాడు.

“అరుగు వీధిదే కదా సార్?”

“వీధిదే, వీధిదే” అని దేవరాజన్ లోపలికి పరిగెత్తి, చీపురు తెచ్చుకుని గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

పల్లవి చంకలోంచి మైకు వైరు ఎవరో లాక్కున్నారు. బయటికి వెళ్తున్నవాళ్ళు వెనక్కి తిరిగారు. దీపాల గురించి మాట్లాడిన పెద్దమనిషి కూడా మెట్టు మీద ఆగిపోయాడు. అవ్వ డబ్బా తెరిచి, గొంతు సవరించుకుంది. పాట ఇంకా మొదలవలేదు. ఉమామహేష్ మునివేళ్ళ మీద లేచి, రెండు దోసిళ్ళు గబగబా పల్లవి తల మీద గుమ్మరించాడు.

“ఏందప్పా ఆ తొందర! పాట ఇంకా ఎత్తుకోలే!” అని అవ్వ అరిచింది.

“ఏడాది ఆగాం కదవ్వా!”

పల్లవికి కళ్ళలోకి, జాకెట్టులోకి, నోట్లోకి బియ్యం. అతను మరీ పొడవు, అందడు. ఆమె అరుగు అంచున ఉన్న చిన్న దిమ్మె ఎక్కి, డబ్బానే లాక్కుని అతని నెత్తిన బోర్లించింది. అతను తల వంచలేదు. తప్పించుకోవడానికి చూసి, కుదరక, చేతుల్లో మిగిలిన గింజలు ఆమె మీదికి విసిరాడు. ఎవరు గెలిచారన్న దాని మీద అవ్వకూ అతనికీ మాటామాటా పెరిగింది. పెండ్లికూతురే అంది అవ్వ. డబ్బాతో పోస్తే లెక్కలోకి రాదన్నాడు అతను.

సోమవారం పొద్దున స్కూటరు దగ్గర పట్టీ బిగిస్తూ, హెల్మెట్ లోపలి గుడ్డ మడతలోంచి అతను ఒక పసుపు గింజ తీశాడు.

“అది మ్యూజియంలోకి తేకూడదు. పురుగు పడుతుందట” అంది పల్లవి.

అతను గింజ నోట్లో వేసుకుని నమిలి, పట్టీ ఒకసారి లాగి చూసి, స్కూటరు స్టార్ట్ చేశాడు.