రెండు ఖాళీలు

మా బావకి సిగ్గు ఉండాల్సిన చోట కూడా నాలుకే మొలిచింది. ఈ మాట నేను చాటున అనడం లేదు, ఆయన మొహం మీదే చాలాసార్లు అన్నాను. అన్నప్పుడల్లా నవ్వేసి, "మా మరదలికి నోరెక్కువ గానీ పనిమంతురాలు" అని పక్కవాళ్ళకి చెబుతాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది.

ఆ మహానుభావుడు మొన్న ఒక పుస్తకం అమ్మాడు. కాగితం పుస్తకం కాదు, ఫోన్లోనో కంప్యూటర్లోనో చూసుకునేది. దాని సంగతి చెప్పాలంటే ముందు మా పిచ్చి సంగతి చెప్పాలి. కంప్యూటర్ తెర మీద అక్షరాలు తప్ప ఇంకేమీ కనపడని రోజుల్లో మేం కొంతమందిమి ఆ అక్షరాలతోనే బొమ్మలు వేసేవాళ్ళం. చుక్కలు, గీతలు, బ్రాకెట్లు, సున్నాలు, ఇవే మా రంగులూ కుంచెలూ. వరుసకి ఎనభై గళ్ళు. గడికి ఒక అక్షరం, లేదా ఒక ఖాళీ. ఖాళీ అంటే ఏమీ లేకపోవడమని బయటివాళ్ళు అనుకుంటారు. మాకు అదీ ఒక అక్షరమే. ఒక ఖాళీ తక్కువైతే వరుసంతా ఎడమకి జరిగిపోయి పిల్లి మూతి వంకరవుతుంది. ఇంట్లోవాళ్ళు మమ్మల్ని పనీపాటా లేనివాళ్ళనేవారు. నిజమే, అప్పట్లో మాకు ఉండేది కాదు.

మాలో ఎవరూ సొంత పేరుతో ఉండేవాళ్ళు కాదు. నా పేరు పుల్ల. సన్నగా ఉంటానని కాదు, ఏం మాట్లాడినా పుల్లవిరుపుగా మాట్లాడతానని. మా అక్క పేరు చీమ. ఆమెకి నోట్లో నాలుక లేదు, కానీ కంప్యూటర్ ముందు కూర్చుందంటే మాత్రం అక్షరం వెనక అక్షరం బారులు తీరాల్సిందే. బావ పేరు దొర. మిగతా అందరికీ పేర్లు పక్కవాళ్ళు పెట్టారు, ఈయనొక్కడే తనకి తాను పెట్టుకున్నాడు. అందరి బొమ్మలూ ఫోను లైను మీద వచ్చి చేరే మిషను ఆయన గదిలో ఉండేది కాబట్టి ఆయన దొర. ఆయన సొంతంగా వేసిన బొమ్మ నేను చూసింది ఒక్కటే. అది డబ్బా. వెక్కిరింతకి అంటున్నాననుకునేరు, నిజంగానే నాలుగు గీతల డబ్బా. అలాంటివాణ్ణి అక్క ఏం చూసి చేసుకుందో నన్నడగొద్దు, నేను అడిగినప్పుడూ చెప్పలేదు.

మాకు ఒక కట్టుబాటు ఉండేది. బొమ్మ వేసినవాళ్ళు కింద కుడి మూలన రెండు అక్షరాలు సంతకం పెట్టాలి. బొమ్మ ఎన్ని చేతులు మారినా వాటిని ఎవరూ ముట్టుకోకూడదు. సంతకం లేని బొమ్మకి పంపినవాడే సొంతదారు. అక్క మాత్రం మూలన పెట్టేది కాదు. సి, ఎమ్ అనే రెండు చిన్న అక్షరాల్ని బొమ్మ లోపలే దాచేది. పిల్లి మీసంలో, కిటికీ ఊచల మధ్య, గడ్డిపరకల్లో. అలా దాచింది మా అందరిలో ఆమె ఒక్కతే. చీమ బొమ్మ వచ్చిందంటే సంతకం వెతకడం అందరికీ ఒక ఆట. అయితే ఆ చీమ ఎవరో, ఎలా ఉంటుందో వాళ్ళలో చూసినవాళ్ళు లేరు. అక్క గడప దాటేది కాదు, బొమ్మలన్నీ బావ మిషను నుంచే వెళ్ళేవి.

ఇన్నేళ్ళకి ఆ పాత బొమ్మల మీద జనానికి మళ్ళీ మోజు పుట్టింది. బెల్లం ఉన్నచోటికి చీమలు చేరతాయంటారు, ఇక్కడ దొర చేరాడు. బొమ్మలన్నీ పుస్తకంగా చేసి ఆన్‌లైన్ షాపులో పెడతానన్నాడు. ముందు తనే చేసుకోబోయాడు. మామూలు అక్షరాల్లో ఒకటి లావు, ఒకటి సన్నం. అన్నీ ఒకే వెడల్పున్న అక్షరాలు వాడకపోతే బొమ్మ నిలబడదు. ఆ సంగతి తెలియక పుస్తకమంతా నేల మీద ఒలికిన గింజల్లా చేసిపెట్టాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు కంప్యూటర్ పాడైందన్నాడు. చివరికి నాకు ఫోన్ చేశాడు. నేను ప్రింటింగ్ ప్రెస్సులో పేజీలు కూర్చే పని చేస్తాను. బిల్లు పుస్తకాలు, మందుల డబ్బాల మీద అట్టలు, వరస తప్పితే నా కంట్లో నలుసు పడ్డట్టే.

అక్క బొమ్మల కింద అక్క పేరుంటేనే చేస్తానని ముందే చెప్పాను. "మీ అక్క నాకు పరాయిదా?" అన్నాడు. అది జవాబు కాదని నాకు అప్పుడు తట్టలేదు. కింద పేర్లూ ముందుమాటా తనే రాసుకుంటానంటే సరేనన్నాను. షాపులో ఖాతా తెరవడం చేతకాకపోతే అదీ నేనే తెరిచి, పాస్‌వర్డ్ ఆయనకీ చెప్పాను.

బొమ్మలు అక్క పంపింది. పాత డిస్కులు అందరివీ ఎప్పుడో పాడైపోయాయి, మిగిలింది ఆమె కంప్యూటర్లో ఉన్నవే. సంతకం చూస్తే తప్ప ఏ బొమ్మ ఎవరిదో ఇన్నేళ్ళ తర్వాత ఎవరికీ గుర్తులేదు. తెరిచి చూస్తే మిగతావాళ్ళ బొమ్మలు బాగానే ఉన్నాయి. అక్క బొమ్మల్లో మాత్రం ప్రతిదాంట్లో ఒక్కో వరుస మధ్యలోంచి రెండు గళ్ళు ఎడమకి జరిగిపోయి ఉంది. ఇంకేముంది, బావ వేళ్ళు పెట్టి కెలికాడనుకున్నాను. ఆయన్నీ, ఆయన ఏడు తరాల్నీ తిట్టుకుంటూ వరుస తెగిన చోటల్లా రెండేసి ఖాళీలు పెట్టి సరిచేశాను. ముక్కు తెరకి ఆనించి పని చేసేటప్పుడు పిల్లి కనపడదు, చుక్కలే కనపడతాయి. పైగా నా చేతులు వరుసల మీదున్నాయి గానీ మనసంతా బావని తిట్టడం మీదే ఉంది.

అమ్మకం రోజున కాఫీ షాపు మేడ మీద ఒక గది అద్దెకి తీసుకున్నాడు. పెద్ద తెర, ప్లాస్టిక్ కుర్చీలు. పాతవాళ్ళు చాలామంది వచ్చారు, అందరికీ పొట్టలూ కళ్ళజోళ్ళూ. ముందు వరుసలో గుండు కూర్చున్నాడు. పందెం ఓడి ఒకప్పుడు గీయించుకుంటే పెట్టిన పేరది, ఇప్పుడు పేరుకి తగ్గట్టు తయారయ్యాడు. ఈ బొమ్మల పిచ్చోళ్ళందరూ చేరిన ఆన్‌లైన్ గ్రూపు అతనిదే. అతను కొనమంటే అందరూ కొంటారు, పెదవి విరిస్తే పుస్తకం అక్కడితో సరి. వరుస ఒక్క గడి జరిగినా గది అవతల నుంచి పట్టేస్తాడు.

బావ తెర మీద పిల్లి బొమ్మ వేశాడు. కింద చూద్దును కదా, "చిత్రం: దొర" అని ఉంది. తర్వాత కిటికీ. దొర. గడ్డిలో సైకిలు. దొర. అక్క బొమ్మ ప్రతిదాని కిందా దొర. అక్క వెనక వరుసలో ఖాళీ కప్పులు ట్రేలో సర్దుతూ ఉంది.

నేను లేచాను. సొమ్మొకడిది సోకొకడిదని వినడమే గానీ కళ్ళారా చూడటం ఇదే అన్నాను. ఇంకా చాలా అన్నాను, అవన్నీ రాస్తే ఈ కథ ఎవరూ వేసుకోరు. బావ మొహంలో చలనం లేదు. "కందకు లేని దురద కత్తిపీటకెందుకు? మీ అక్క అక్కడే ఉంది, అడుగు" అన్నాడు. అందరూ వెనక్కి తిరిగారు. అక్క ఇంకో కప్పు తీసి ట్రేలో పెట్టింది.

ఎవర్నీ అడగక్కర్లేదు, పిల్లి మీసం పెద్దది చేసి చూపించమన్నాను. నా మాట పూర్తికాకముందే పెద్దది చేశాడు. అప్పుడైనా నాకు అనుమానం రావాల్సింది. మీసం మధ్యలో రెండు గళ్ళు ఖాళీగా ఉన్నాయి. గుండు లేచి తెర దగ్గరికెళ్ళి చూశాడు. సంతకం ఏమీ లేదన్నాడు, వరుస కూడా శుభ్రంగా ఉందన్నాడు. కిటికీ చూశాడు, సైకిలు చూశాడు. అన్నిట్లో అంతే. "మీరు పొరపాటు పడ్డట్టున్నారు" అని నాతో మర్యాదగా చెప్పి, కుర్చీలో కూర్చుని ఫోను తీసి పుస్తకం కొన్నాడు. అతన్ని చూసి అందరూ కొన్నారు. మా మరదలికి పాపం వయసు మీద పడుతోందని బావ అంటే గదంతా నవ్వింది.

ట్రే పట్టుకుని మెట్లు దిగుతున్న అక్కని సగం మెట్ల మీద పట్టుకున్నాను. బావ మీది కోపమంతా ఆమె మీద కుమ్మరించాను. నీకు నోరు లేదా, మెడలు వంచి రాయించుకుంటే రాసిచ్చేస్తావా అని అడిగాను. అంతా విని ఆమె ఒక్కటే అడిగింది.

"వరుసలు ఎవరు సరిచేశారు?"

నేనే అన్నాను. పొగరుగానే అన్నాను.

అక్క ట్రేని మెట్టు మీద పెట్టి గోడకి ఆనుకుంది. అప్పుడు చెప్పింది. సంతకాలన్నీ తీసెయ్యమని బావ ఆమె కుర్చీ పక్కన స్టూలు వేసుకుని మరీ కూర్చున్నాడట. తియ్యకపోతే ఆ కంప్యూటర్ని పాత సామాన్లవాడికి ఇచ్చేస్తానన్నాడట. ఆమె తీసింది. తీసి, వాటి చోట ఖాళీలు పెట్టకుండా వదిలేసింది. సంతకం పోయిందా లేదా అని చూసుకున్నాడు గానీ వరుస జరిగిందని ఆయనకేం తెలుస్తుంది, డబ్బా తప్ప వేసిన మొహమా! గుండుకైతే క్షణం పట్టదు. బొమ్మ నడిమధ్యలో రెండు గళ్ళు ఎగిరిపోయాయంటే అక్కడ ఉన్నది ఎవరి సంతకమో అతనికి ఒకరు చెప్పక్కర్లేదు.

నాకు ముందే చెప్పొచ్చు కదా అని ఏడుస్తూ అడిగాను.

"చెబితే నువ్వు ఆగుతావా? ఆ నిమిషమే వచ్చి ఆయన మీద పడతావు. చెప్పకపోయినా నీకు కనపడుతుందనుకున్నాను."

ఇంతకన్నా చెంప మీద కొట్టినా బాగుండేది. ఆ బొమ్మలు ఒక్కో వరుసా పుడుతుంటే పక్కన కూర్చుని చూసినదాన్ని నేను. బావ సంతకం తీయించాడు. అది ఉన్న గుర్తు కూడా లేకుండా పూడ్చింది మాత్రం నేనే, అదీ నీటుగా.

ఇప్పుడే వెళ్ళి సంతకాలు పెట్టేస్తానన్నాను. అక్క వద్దంది. పెడితే నువ్వే దొంగ సంతకాలు పెట్టావంటాడంది. "ఖాళీలు తీసెయ్. అంతే." ట్రే ఎత్తుకుని కిందికి వెళ్ళిపోయింది.

ఈ రకం పుస్తకంలో ఒక సుఖం ఉంది. షాపులో సరిచేసిన ప్రతి పెడితే అప్పటికే కొన్నవాళ్ళ ఫోన్లలో కూడా మారిపోతుంది. మర్నాడు ప్రెస్సులో పనులు పక్కనపెట్టి, నేను పెట్టిన ఖాళీలన్నీ నా చేత్తోనే తీసేశాను. ఈసారి బొమ్మల్ని దూరం నుంచి చూస్తూ తీశాను. మార్పుకి కారణం రాయమని షాపు అడిగింది. అచ్చుతప్పుల సవరణ అని రాశాను.

మధ్యాహ్నానికి గోల మొదలైంది. పుస్తకం చెడిపోయిందని కొందరు, డబ్బు వెనక్కిమ్మని కొందరు. ఒక్క నక్షత్రం ఇచ్చి ఇది దొర పుస్తకమా దొంగ పుస్తకమా అని రాసినవాడొకడు. గుండు మాత్రం గ్రూపులో నింపాదిగా రాశాడు. దొర పేరున్న బొమ్మల్లోనే వరుసలు జరిగాయి, మూలల్లో కాదు, నడిమధ్యన, అన్నిట్లోనూ సరిగ్గా రెండు గళ్ళే, అని. తర్వాత గ్రూపులో అతని జాడ లేదు.

సాయంత్రం బావ ఫోను. ముందు బూతులు, తర్వాత బతిమాలడం. గుండు నేరుగా ఇంటికే వచ్చి హాల్లో కూర్చున్నాడట. ఆ రెండు గళ్ళలో ఏముండేదో మీ కంప్యూటర్లోనే పెట్టి చూపించండి అంటున్నాడట. తను అక్క కంప్యూటర్ ముందే కూర్చున్నానని చెప్పి, గొంతు తగ్గించి, నిన్న ఉన్నట్టు మళ్ళీ పెట్టెయ్యమన్నాడు.

"బొమ్మలు నీవే కదా బావా. అక్కడ ఏముండేదో చెప్పు, పెడతాను."

"ఖాళీలు" అన్నాడు.

"అదే గుండుకి చెప్పు. మీసం మధ్యలో రెండు ఖాళీలు ఎందుకు పెట్టావో కూడా చెప్పు."

వెనక హాల్లోంచి గుండు దగ్గాడు. తర్వాత అడుగులు దగ్గరికి వచ్చాయి, అక్క గొంతు వినిపించింది. నాతో కాదు.

"లేవండి. అది నా కుర్చీ."

బావ ఫోను పెట్టెయ్యడం కూడా మర్చిపోయాడు. కుర్చీ చక్రాలు జరిగిన చప్పుడు వచ్చింది, మళ్ళీ దగ్గరికి లాక్కున్న చప్పుడు వచ్చింది. ఆ తర్వాత రెండు మీటలు నొక్కిన చప్పుడు వినిపించింది.