చప్పుడు చేయని పైపు

పెన్‌పహాడ్‌లో తాగే నల్లా నీళ్ళు బర్రెకు పట్టారని తెలిస్తే వాడంతా మీదపడి తిడుతుంది. అందుకే కాటమ్మ నల్లాకు రబ్బరు పైపు తగిలించి, దాని కొసను కుడితి తొట్టి అడుగుదాకా ముంచేది. తొట్టి చడీచప్పుడు లేకుండా నిండేది.

ఒకరోజు పొద్దున పైపు అలా మునిగి ఉండగానే నీళ్ళు బందయ్యాయి. కాటమ్మ చూస్తుండగానే తొట్టిలో పులిసిన కుడితి జానెడు దిగిపోయింది. బర్రె తాగిందనుకుందామంటే అది ఇంకా కట్టుకొయ్య దగ్గరే ఉంది.

మర్నాడు, వాడలో పల్లాన ఉండే దుర్గమ్మ మనవరాలు సింధును వాంతులతో సూర్యాపేట దవాఖానకు తీసుకుపోయారు.

రెండ్రోజులకు నల్లాలు చూసే శ్రీహరి వచ్చి వాడకట్టంతా తిరిగాడు. "ఎవలో పైపును మురికిల ముంచిన్రు. నీళ్ళు బందైతే అది ఎనక్కి గుంజుతది, పల్లపు నల్లాలకు పోతది. పైపు కొస జానెడు పైకుండాలె" అన్నాడు. కాటమ్మ తేలు కుట్టిన దొంగలా నిలబడింది.

ఆ సాయంత్రం నీళ్ళొచ్చే వేళకు దుర్గమ్మ బిందెతో వచ్చింది. "మా నల్లా ముట్టాలంటెనే భయమైతుందక్కా. పిల్ల ఇంటికొచ్చింది. నీ ఇంట్ల నీళ్ళైతే నమ్మకం, జర పట్టియ్యి."

కాటమ్మ బిందె అందుకోకుండా దొడ్లోకి నడిచింది. పైపు కొసను తొట్టికి జానెడు పైన కట్టి, నల్లా తిప్పింది. నీళ్ళు దబదబా పడ్డాయి.

వెనకాలే వచ్చిన దుర్గమ్మ, ఆ దొడ్లో ఎన్నడూ వినని ఆ చప్పుడు విన్నది. తొట్టినీ, పైపునూ, కాటమ్మ ముఖాన్నీ చూసింది.

"ఎన్నేండ్ల సంది?" అని అడిగింది.

అక్కా అనలేదు.