డాసన్ వాటా చింతకాయ పచ్చడి

నేను ఒక ఫ్రిజ్‌ని. పుట్టినప్పుడు తెల్లగా ఉండేదాన్ని, ఇప్పుడు పసుపు తిరిగాను. వయసు అడక్కండి. పాలు, గుడ్లు, చీజ్ మోయాలని చెప్పి ఫ్యాక్టరీ వాళ్లు పంపించారు. చింతకాయ పచ్చడి సంగతి ఒక్కరూ చెప్పలేదు.

మొదట టెక్సాస్‌లో కాలేజీ కుర్రాళ్ల దగ్గర ఉన్నాను. వాళ్లు నాలో దాచింది పాత పిజ్జా, ఒకసారి ఎవరిదో బూటు. వాళ్లు పాత సామాన్లు అమ్మేయడానికి గరాజ్ సేల్ పెట్టిన రోజున హైమావతి వచ్చింది. నా తలుపు తీసి మూసి, తీసి మూసి, కుర్రాళ్లు దండం పెట్టేదాకా బేరమాడింది.

ఆమె భర్త పైడిరాజు. విజయనగరం నుంచి వచ్చి అమెరికా సైన్యంలో చేరి, అఫ్గానిస్తాన్‌లో లారీలు తోలాడు. ఇప్పుడు స్కూలు బస్సు తోలుతూ తెలుగులో కవిత్వం రాస్తున్నాడు. మజ్జిగ కోసమని వచ్చి, నా తలుపు బార్లా తెరిచి ఆలోచిస్తాడు. తర్వాత తలుపు మూసి, దాని మీదే కాగితం పెట్టి రాసి, అయస్కాంతంతో అంటిస్తాడు. నా చల్లదనంలో సగం సాహిత్యానికే పోయింది. పక్కింటాయన గడ్డి కోసే మిషన్ మీద ఒక కవిత, హైమ కత్తిరించే కూపన్ల మీద ఒకటి, ఇసుకలో దిగబడ్డ లారీ మీద లెక్కలేనన్ని.

"ఆ లారీని ఇంకా ఎన్నిసార్లు దింపుతారండీ?" అని హైమ విసుక్కునేది.

ఒక్క కవిత మాత్రం మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయింది: "డాసన్ వాటా అలాగే ఉంది."

డాసన్ లారీలో అతని పక్క సీటు మిత్రుడు. పైడిరాజు తల్లి పంపిన చింతకాయ పచ్చడి రొట్టెకు రాసుకుని తిని, ఒక కన్ను మూసి, తొడ చరిచి, మళ్లీ పెట్టమనేవాడట. ఒక ఉదయం సీసాలో కొంచెం మిగిల్చి, "ఇది నాది, వచ్చాక తింటాను" అని వెళ్లాడు. తిరిగి రాలేదు. ఆ సీసాను పైడిరాజు ఇంటికి తెచ్చుకున్నాడు; అది నా పై అర మూలలో ఉండిపోయింది.

"ఏటండీ ఇది, ఎన్నాళ్లు దాస్తారు?" అనేది హైమ, నన్ను కడిగినప్పుడల్లా.

"ఉండనీ. చింతకాయ పాతబడితే ఇంకా మంచిది."

ఈమధ్య డాసన్ తల్లి మార్తా ఫోన్ చేసింది. ఆదివారం వస్తానని, తన కొడుకు మీద రాస్తున్నానని అతను ఎప్పుడో చెప్పిన కవిత వినిపించమని అడిగింది. తప్పకుండా అనేశాడు పైడిరాజు. తర్వాత నా తలుపు తెరిచి నిలబడి, మజ్జిగ సంగతే మరిచిపోయాడు. పాపం, నాకు జాలేసింది.

హైమ కంగారు వేరు. అతిథికి ఈ పసుపు మొహం చూపిస్తామా అని, మెరిసే స్టీల్ ఫ్రిజ్ తెప్పించింది. నన్ను పచ్చడి సీసాతో సహా గరాజ్‌లోకి నెట్టి, అక్కడ ప్లగ్ పెట్టారు. నాకు ఏడుపొచ్చింది, కింద మడుగు కట్టింది. తీరా చూస్తే ఆ స్టీలుకు అయస్కాంతం అంటుకోదు! పైడిరాజు కాగితం పెట్టడం, అది జారి నేల మీద పడటం. తెరిచి ఉన్న వంటింటి తలుపులోంచి అదంతా చూసి గర్రుమని నవ్వుకున్నాను.

చివరికి కాగితంతో నా దగ్గరికే వచ్చాడు. ఆదివారం కూడా వచ్చేసింది. రెండో వాక్యం మాత్రం రాలేదు.

మార్తాను గరాజ్‌లోకే తీసుకొచ్చాడు. ఉన్న ఒక్క వాక్యం చదివి, ఇంగ్లీషులో అర్థం చెప్పి, సీసా ఎందుకు దాచాడో చెప్పి తల దించుకున్నాడు. "క్షమించమ్మా. ఇంతకుమించి రాయలేకపోయాను."

"ఆ వాటా ఏదీ?" అంది ఆమె.

సీసా తీశాడు. హైమ రొట్టె తెచ్చి, "ఆవిడ ఆ పులుపు తట్టుకోగలదేటండీ?" అని గుసగుసలాడింది.

మార్తా పచ్చడి రాసుకుని ఒక ముక్క కొరికింది. ఒక కన్ను మూసింది. తొడ చరిచింది.

పైడిరాజుకు నవ్వు, ఏడుపు ఒకేసారి తన్నుకొచ్చాయి, నా మీద వాలిపోయాడు. ఏమైందని అడిగింది మార్తా. అతను చెప్పలేక తన తొడ చరిచి చూపించాడు. కొడుకూ ఇలాగే చేసేవాడని ఆమెకు అర్థమైంది. తర్వాత సీసా తన వైపు లాక్కుని, అడుగు దాకా తుడిచి తింది.

ఆమె వెళ్లాక అతను నా తలుపు మీద రెండో వాక్యం రాశాడు: "వాళ్లమ్మ వచ్చి తినేసింది."

"అంతేనా?" అంది హైమ.

"అంతే. అయిపోయింది."

సీసా కడిగేశారు. పై అర మూల ఖాళీగా ఉంది, అక్కడ ఎవరూ ఏమీ పెట్టడం లేదు. నేను మాత్రం ఆ మూలను చల్లగానే ఉంచుతున్నాను.