వెరిటీ ప్రణాళికలోకి వచ్చిన తిమింగలం

మా యార్క్‌షైర్ తీరంలో పుట్టినవాడు ఏనుగును భుజాన ఎత్తుకున్నా “పర్లేదు, కాస్త బరువే” అంటాడు. గొప్పలు చెప్పుకోవడం ఇక్కడ దొంగతనం కన్నా సిగ్గుమాలిన పని. నా వంతు సిగ్గు చిన్నప్పుడే సముద్రంలో జారిపోయింది. మా చెల్లెలి మనవరాలు వెరిటీకి మాత్రం నిలువెల్లా ఉంది. అదే దాని కొంప ముంచేలా ఉంది.

యూనివర్సిటీలో ప్రతి విద్యార్థీ తన ఎదుగుదలకు తానే ప్రణాళిక రాసుకోవాలి. నాకేం వచ్చు, ఏం రాదు, ఎక్కడికి చేరాలి అని. ఆ రాతను బట్టే, ఉత్తర ధ్రువం వైపు వెళ్ళే పరిశోధన ఓడలోకి ఈ వేసవి ఒక్కరిని ఎంపిక చేస్తారు. వెరిటీకి నిద్రలో కూడా ఆ ఓడే. వాళ్ళింట్లో ఇంటర్నెట్ పోవడంతో, మా వంటింట్లో లాప్‌టాప్ పెట్టుకుని అధ్యాపకుడితో మాట్లాడుతోంది. నేను చేపలు వేయిస్తున్నాను కానీ చెవులు మాత్రం అక్కడే ఉన్నాయి.

అధ్యాపకుడు ఫెర్రాన్ బార్సిలోనా మనిషి. రాసింది రాసినట్టే నమ్ముతాడు.

“పడవ నడపడం, కొద్దిగా. నాయకత్వం, పెద్దగా లేదు. ఆపదలో నిలబడడం, పర్లేదు,” అని చదివాడు. “వెరిటీ, సాయంత్రానికల్లా ఓడవాళ్ళకి ఒక పేరు పంపాలి. ఇది చూసి నీ పేరెలా పంపను?”

“ఉన్నదే రాశానండీ,” అంది తల వంచుకుని.

నేనిక ఆగలేక గరిటెతో సహా తెర ముందుకు దూరాను.

“ఫిబ్రవరి తుఫాన్లో ఇదేం చేసిందో అడుగు బాబూ. వాళ్ళ నాన్న పడవని తిమింగలం మింగబోతే, దాని దవడలో తెడ్డు అడ్డం పెట్టి, దాని వీపు మీదే స్వారీ చేసుకుంటూ రేవుకొచ్చింది.”

వెరిటీ మొహం ఉడికిన పీతలా ఎర్రబడింది.

“తాతా, ఊరుకుంటావా? తిమింగలం లేదు, గిమింగలం లేదండీ. ఈయన ఆ పూట పబ్బులో ఉన్నాడు. ఇంజన్ ఆగిపోయింది, అంతే. నాన్న చెయ్యి విరిగింది. మిగతావాళ్ళు ఏం చెయ్యాలా అని కొట్లాడుకుంటున్నారు. రాళ్ళ మీదికి కొట్టుకుపోకుండా ముందు లంగరు వేయించా. ఇంజన్‌కి నీళ్ళు లాగే గొట్టంలో ఇరుక్కున్న చెత్త తీయించా. ఇంజన్ లేచాక చుక్కాని పట్టుకుని రేవుకి తెచ్చా.”

“నీ మాట వాళ్ళు విన్నారా?” అన్నాడు ఫెర్రాన్.

“వినక ఏం చేస్తారు? నాన్నే విన్నాడు.”

“దీన్ని నాయకత్వం అనరా మీ ఊళ్ళో?”

“పేర్లేం పెట్టరండీ. ఇంటికొచ్చి టీ తాగుతారు.”

ఫెర్రాన్ పకపకా నవ్వాడు. “ఇప్పుడు చెప్పింది చెప్పినట్టే రాయి. నేనిక్కడే ఉంటా.”

అది టకటకా కొట్టేసింది. వెనక చేపలు మాడి పొగలు కక్కుతుంటే ఎవరికి పట్టింది! నా ముసలి గుండె పడవ పందెంలో ఉన్నట్టు కొట్టుకుంటోంది.

“ఒక్కటే మిగిలింది,” అన్నాడు ఫెర్రాన్. “ఐదేళ్ళకి ఎక్కడుండాలనుకుంటున్నావ్?”

వెరిటీ నా వైపు చూసింది. నేను బుద్ధిగా నోరు మూసుకున్నాను.

“ఓడలో,” అంది మెల్లగా. మరుక్షణం కుర్చీ వెనక్కి తోసి లేచింది. “కాదండీ. అలాంటి ఓడకి కెప్టెన్‌గా.”

“నీ పేరే పంపుతున్నా,” అన్నాడాయన.

అది నన్ను నడుం పట్టుకుని వంటింట్లో గిరగిరా తిప్పింది. నా చెప్పు ఒకటి ఎగిరి ఎక్కడో పడింది.