పొగాకు పన్నుకు మూడు గంటలు

మా మున్సిపాలిటీ పేరు చెప్పను, నా ఉద్యోగం ఇంకా ఉంది. ఢిల్లీ పొలిమేరలో ఉందనుకోండి, చాలు. 1997 జనవరిలో మా ఆరోగ్య కమిటీకి ఉన్నట్టుండి జనం ఊపిరితిత్తుల మీద ప్రేమ పుట్టుకొచ్చింది. సిగరెట్ల మీద పన్ను పెంచండి, అందులో వాటాతో మా ఆసుపత్రికి ఎక్స్‌రే మిషను కొనిపెట్టండి అని కేంద్రాన్ని కోరుతూ తీర్మానం చేస్తారట. ఆ తీర్మానం రాసిపెట్టిన గుమాస్తాను నేనే, అన్నపూర్ణేశ్వరిని.

రాయడంలో నా స్వార్థం నాకుంది. మా ఆయన రాజగోపాల్ కరోల్ బాగ్‌లో టైపిస్టు. రోజుకో పెట్టె ఊదేస్తాడు. మూడు నెలలుగా ఒకటే దగ్గు. మొన్న రుమాలులో ఎర్రగా కనబడితే కిళ్ళీ అన్నాడు. ఆయన జన్మలో కిళ్ళీ వేసుకోలేదు! ఎక్స్‌రేకి పదండి అంటే, "ప్రైవేటువాళ్ళు దోచేస్తారే. మీ ఆసుపత్రికి మిషను రానీ, మొదటి ఫొటో నాదే, అమ్మతోడు" అని ఒట్టేశాడు. అది ఎప్పటికీ రాదని ఆయన ధీమా. నేనూ మొండిదాన్నే, రప్పించి తీరతాననుకున్నాను.

కేంద్ర బడ్జెట్టుకు ప్రతిపాదనలు పంపడానికి ఆఖరి రోజున మీటింగు పెట్టారు. కోరానికి ఏడుగురు కావాలి. సరిగ్గా ఏడుగురే వచ్చారు, అదీ సమోసాల పుణ్యాన. తీర్మానానికి గౌరవంగా చైర్మన్‌గారు హాల్లో పొగ తాగరాదని కొత్త బోర్డు కొట్టించారు. మేకు దిగుతుంటే అందరూ చప్పట్లు. ఆ తర్వాత గంటసేపు పొగాకును తిట్టిపోశారు. పాపం, అన్ని మంచి మాటలు మాట్లాడితే ఎవరికైనా నోరు పీకదూ? చౌదరి, గుప్తా అనే ఇద్దరు సభ్యులు "దో మినిట్" అంటూ బయటికి పోయారు. లోపల బోర్డుంది మరి, పద్ధతి గల మనుషులు!

తీరా ఓటింగ్ వేళకు చూస్తే అయిదుగురే. కోరం తగ్గితే చైర్మన్ మూడుసార్లు గంట కొడతారు. మూడో గంటకీ మనుషులు చాలకపోతే వాయిదా. ఇవాళ వాయిదా పడిందంటే ఇక వచ్చే ఏడాది బడ్జెట్టే గతి.

మొదటి గంటకే పరుగు తీశాను. మెట్లు దిగుతుండగా రెండోది మోగింది.

గేటు దగ్గర ముగ్గురున్నారు. చౌదరి, గుప్తా, నన్ను స్కూటరు మీద ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చిన మా ఆయన. వాళ్ళకు తలా ఒక సిగరెట్టిచ్చి, అగ్గిపుల్ల గీసి, గాలికి అరచెయ్యి అడ్డుపెట్టి మరీ వెలిగిస్తున్నాడు. గుంటూరు జిల్లావాళ్ళం కదా, మర్యాదలో మాకు వంక పెట్టేవాడింకా పుట్టలేదు.

"సార్, జల్దీ రండి, ఓటింగ్!" అని అరిచాను.

"అరే బహన్‌జీ, ఇప్పుడే వెలిగించాం" అన్నాడు గుప్తా.

"ఉండవే, పెద్దవాళ్ళు. ఏం కొంప మునిగిందని?" అన్నాడు మా ఆయన.

పైన మూడో గంట మోగింది.

అంతలో ఆయనకు దగ్గు తెర వచ్చింది. స్కూటరు పట్టుకుని వంగిపోయాడు. చౌదరి జాలిగా వీపు నిమిరాడు.

"భాయ్‌సాబ్, యే ఖాంసీ అచ్ఛీ నహీ. ఈ దగ్గు మంచిది కాదు. ఎక్స్‌రే తీయించుకోండి."

నాకు ఒళ్ళు మండిపోయింది, ఏడుపూ ముంచుకొచ్చింది.

"ఎక్కడ తీయించుకోమంటారు, సార్?" అన్నాను.

మా ఆయన ఎలాగో ఊపిరి తీసుకుని, గండం గడిచినట్టు నవ్వాడు.

"పోనీలేవే, వచ్చే ఏడాది వస్తుందిలే మిషను."

"అందాకా మీరుండద్దూ?" అన్నాను.