బాబాయి చూపు

ఏమయ్యోయ్, నిన్నే! కొత్త ఉద్యోగం రమ్మంటోంది, పాతది పోనివ్వనంటోంది అని మొహం వేలాడేసుకుని తిరుగుతున్న పెద్దమనిషీ! ఆ గోళ్ళు కొరకడం ఆపి ఇలా కూర్చో. గోళ్ళెప్పుడో అయిపోయాయి, ఇప్పుడు కొరుకుతున్నవి వేళ్ళు. నీకంటే గొప్పగా మొహం వేలాడేసినవాడొకడున్నాడు, వాడి సంగతి విను.

వాణ్ణి అందరూ గజం అంటారు. అంత పొడుగు మరి. గుమ్మం కనబడితే చాలు, ముందే తల వంచేస్తాడు. వాళ్ళ బాబాయి దర్జీ కొట్లో కటింగ్ మాస్టరు. మీసం రాకముందు చేరాడు, ఇప్పుడా మీసంలో తెల్లవెంట్రుకలు కూడా తొంగి చూస్తున్నాయి. గుడ్డ కోయడం ఒకప్పుడు బాబాయి పనే. చూపు మందగించి, సుద్దతో గీసిన గీత గుడ్డలో కలిసిపోవడం మొదలయ్యాక కత్తెర వీడి చేతికొచ్చింది. మిషను మీద కుట్టడానికి బాబాయికి వేళ్ళు చాలు. కోయడానికే కళ్ళు కావాలి.

అలాంటి సమయంలో స్కూలు యూనిఫాంలు కుట్టే ఫ్యాక్టరీ వాళ్ళు, కటింగ్ సెక్షన్ మొత్తం చూసుకుందువుగాని రమ్మని గజానికి కబురు పెట్టారు. వెళ్ళి చూశాడు. మంచమంత పొడవు బల్ల మీద గుడ్డ పొరలు పొరలుగా పరిచి, మిషనుతో వెన్నముద్దని కోసినట్టు కోసేస్తున్నారు. మనవాడు నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. ఆ రోజు నుంచి నిద్ర లేదు, తిండి సయించదు. పోవాలని ప్రాణం లాగేస్తోంది. పోతే బాబాయి కొట్టు ఏమవుతుంది? ఆ మాట అడగడానికి నోరు రాదు.

ఫ్యాక్టరీ యజమాని ఒకసారి వచ్చి మాట్లాడమన్నాడు. సెలవు కావాలి. ఏం చెప్పాలో తోచక, "బాబాయ్, పన్ను నొప్పి, రేపొక పూట రాను" అన్నాడు.

"ఏ వైపురా?"

"కుడి... కాదు, ఎడమ."

"అమ్మో, రెండు వైపులా అన్నమాట! ఒక్కడివే ఎలా వెళ్తావు? పద, నేనూ వస్తా."

వద్దు మొర్రో అన్నా వినలేదు. చెయ్యి పట్టుకుని పళ్ళ డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాడు. ఆ డాక్టరు పాంట్లన్నీ బాబాయే కుడతాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్న తీరు గజానికి నచ్చలేదు.

కుర్చీలో పడుకోబెట్టారు. కాళ్ళు బయటికి వేలాడాయి. డాక్టరు పట్టకారు తళతళలాడిస్తూ, "ఏది పీకమంటారు?" అన్నాడు, గజాన్ని కాదు, బాబాయిని.

"పొడుగు మనిషి కదా, పెద్దదే పీకండి. ఒకటి పీకితే ఇంకోటి ఉచితమేమైనా ఉందా?"

"బాబాయ్!" గజం లేచి కూర్చున్నాడు. "పన్నూ లేదు, నొప్పీ లేదు. నాకు ఫ్యాక్టరీలో ఉద్యోగం ఇస్తామన్నారు!"

బాబాయి నవ్వీ నవ్వీ బల్ల పట్టుకున్నాడు. "తెలుసురా వెధవా! నువ్వెలాంటివాడివో చెప్పమని వాళ్ళు నాకే ఫోన్ చేశారు. బంగారమని చెప్పా, నా నోరు పడిపోను! నీ అంతట నువ్వు చెప్తావేమోనని చూసి చూసి, ఇక లాభం లేదని నోరు తెరిపించే ఆయన దగ్గరికి తీసుకొచ్చా."

గజం మాత్రం నవ్వలేదు. చొక్కా అంచు వేలికి చుట్టుకుంటూ, "నేను పోను బాబాయ్. నీకు గీత కనబడదు. ఎవరు కోస్తారు?" అన్నాడు.

బాబాయి నవ్వు ఆగిపోయింది. "నాకా కనబడనిది? నీకు పని నేర్పాలని కళ్ళు లేనట్టు నటించానురా ఇన్నాళ్ళూ. రేపు కొట్టుకి రా, చూపిస్తా."

మర్నాడు గజం వెళ్ళేసరికి నల్లగుడ్డ బల్ల మీద పరిచి ఉంది. బాబాయి కత్తెర అందుకున్నాడు. ఎడమచేతి వేలు ముందు నడుస్తోంది, దాని వెనకే కత్తెర కరకరమంటూ వెళ్తోంది. మెడ ఒంపు, చంక ఒంపు, ఎక్కడా ఒక నూలుపోగు వంకర పోలేదు. పిన్ని గుమ్మంలో నిలబడి ఊపిరి బిగబట్టి చూస్తోంది.

గజం కిందపడ్డ ముక్క ఒకటి తీశాడు. అంచు వెంబడి నల్లదారంతో కచ్చా కుట్టు. అట్టముక్క నమూనా పెట్టి, దాని చుట్టూ తడుముకుంటూ ముందే కుట్టుకున్నాడు బాబాయి. ఇప్పుడు వేలితో ఆ కుట్టుని వెతుక్కుంటూ కోస్తున్నాడు. వేలి కొసంతా సూది పోట్లు.

గజం ఆ ముక్క జేబులో పెట్టుకున్నాడు.

"అబ్బ! డేగచూపు బాబాయ్ నీది. ఇన్నాళ్ళూ నన్నెంత మోసం చేశావు!"

"మరేమనుకున్నావు! ఇక పో."

పోయాడు. ఫ్యాక్టరీలో చేరాడు. కానీ అట్టముక్కతో అందరి కొలతలకీ పని జరగదు కదా. అందుకని పిన్నితో మాట్లాడుకున్నాడు. రోజూ పొద్దున్నే, ఫ్యాక్టరీకి వెళ్ళేముందు వెనక గుమ్మంలోంచి వచ్చి, పరదా చాటున గుడ్డల మీద గీతలు గీసిపెడతాడు. వాటి మీద పిన్ని కచ్చా కుట్టు వేస్తుంది. గీసిందీ కుట్టిందీ తనేనని బాబాయికి చెబుతుంది. 

ఒకరోజు గజం గీతలు గీస్తుండగా, పళ్ళ డాక్టరు పాంటు కోసం వచ్చాడు. "చూపు తగ్గిందన్నారు, కటింగ్ బ్రహ్మాండంగా ఉందే!"

"నెమ్మదిగా అనండి," బాబాయి గొంతు తగ్గించాడు. "మావాణ్ణి బోల్తా కొట్టించా. గీసేదీ కుట్టేదీ మా ఆవిడ. వాడు పిచ్చిమాలోకం, ఇప్పటికీ నాది డేగచూపే అనుకుంటున్నాడు."

పరదా వెనక పిన్ని కొంగు నోట్లో కుక్కుకుంది. గజం పెదవి కొరుక్కుని నవ్వాపుకున్నాడు.

డాక్టరు వెళ్ళిపోయాడు. మిషను చప్పుడు మళ్ళీ మొదలైంది. గజం పిల్లిలా వెనక గుమ్మం వైపు నడిచాడు. మిషను ఆగింది.

"ఒరేయ్ గజం! వెనక గుమ్మంలో ఆ చెప్పులు రేపట్నుంచి కాస్త పక్కకి విప్పరా. నువ్వు ఫ్యాక్టరీలో చేరిన మర్నాటి నుంచీ రోజూ వాటికే తట్టుకుని పడబోతున్నాను!"