బెరడు తీయని ఎర చెట్టు

ఎనిమిదేళ్లుగా అడవి ఉద్యోగంలో నేను చేస్తున్న పని ఒక్కటే. సూదుల్లాంటి ఆకులుండే స్ప్రూస్ చెట్ల మొదళ్ల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, కాఫీ పొడిలాంటి పొట్టు రాలిందేమో చూడటం. రాలిందంటే బెరడు పురుగు లోపల దూరినట్టే. కాండం మీద నారింజ రంగు గీత కొట్టేస్తాను, మర్నాడు రంపాలవాళ్లు వస్తారు. అలా గీతలు కొట్టీ కొట్టీ మా విసోచినా కొండలన్నీ బోడి చేశాను. నేను కనిపిస్తే ఊళ్లో తలుపులు వేసుకుంటారు. వేసుకోనీ, నాకూ ఎవరితోనూ మాట్లాడే ఓపిక లేదు.

ఇక మిగిలింది అపొలేనా పిన్ని తోపు. పెళ్లయిన ఏడాది ఆవిడా, కామిల్ బాబాయీ కలిసి నాటిన నలభై ఏడు చెట్లు. బాబాయి పోయాక కూడా ఆవిడ రోజూ పొద్దున్నే కళ్లజోడు పెట్టుకుని, ఒక్కో చెట్టు మొదలూ చూసిగాని కాఫీ తాగదు. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి! జీతం తీసుకునే నేనే అంత శ్రద్ధగా చూడను.

జూన్ ఆఖరున కబురు పెట్టింది. వెళ్లేసరికి తోపు అంచున నిలబడి ఉంది. మూడు చెట్ల మొదట్లో, సాలెగూళ్లలో గోధుమరంగు పొట్టు. నా ప్రాణం ఉసూరుమంది.

"జ్వరమొచ్చి మూడ్రోజులు మంచం దిగలేదు బొహ్దాన్. అప్పుడే దూరుంటాయి. ఆయన చెట్లని చేతులారా చంపుకున్నాను," అంది.

ఔనని తలాడిస్తే సరిపోయేది. కానీ ఆవిడ మంచంలో ఉన్నా లేకపోయినా అవి వచ్చేవే. ఎక్కణ్నుంచో కూడా నాకు తెలుసు. తోపుకి ఎగువన, దారికి అవతల, మార్చిలో ఒక మంచి చెట్టుని నేనే ఎరగా పడగొట్టాను. పడిన చెట్టు వాసనకి చుట్టుపక్కల పురుగంతా దాన్లోకే చేరుతుంది. పిల్లపురుగు తెల్లగా ఉండగానే బెరడు ఒలిస్తే ఎండకి మాడి చస్తుంది. ఒలవకపోతే మనమే పెంచి ఊరి మీదకి వదిలినట్టు. జూన్ మొదట్లోనే ఒలవాలి. నడుం నొప్పన్నాను, వానన్నాను. నిజానికి విసుగు. ఎన్ని ఒలిస్తే ఏం లాభం, కొండ ఎలాగూ బోడి అవుతోంది కదా అని.

ఆవిడ కళ్లు తుడుచుకుంటుంటే సిగ్గేసింది. చెయ్యి పట్టుకుని ఎగువకి తీసుకెళ్లి, ఎర చెట్టు బెరడులోకి కత్తి దూర్చి ఎత్తాను. లోపల సొరంగాలన్నీ ఖాళీ. బెరడు నిండా పురుగులు ఎగిరిపోయిన బెజ్జాలు.

"మీ జ్వరం కాదు పిన్నీ. నా బద్ధకం," అన్నాను.

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఒక బెజ్జం మీద వేలు పెట్టి చూసి, మిగతా నలభై నాలుగు చెట్ల సంగతేమిటని అడిగింది. ఆ మూడింట్లో పురుగు ఇంకా గుడ్లు పెట్టే దశలోనే ఉంటుందనీ, వెంటనే కొట్టి ఒలిచేస్తే మిగతావి దక్కొచ్చనీ చెప్పాను. కాకపోతే రంపాలవాళ్లు రేపుగాని రారన్నాను.

"రేపన్న మాట నా దగ్గర ఇంకెప్పుడూ అనకు," అంది.

ఇంటికెళ్లి నా రంపమే తెచ్చాను. మూడూ కొట్టి, పొద్దు వాలేదాకా ఒలిచాను. ఆవిడ మొద్దు మీద కూర్చుని, ఒళ్లో గసగసాల రొట్టె పెట్టుకుని చూస్తూనే ఉంది. ఆఖరి పట్ట ఊడాకగాని ముక్క తుంచి ఇవ్వలేదు.

"పొద్దున ఆరింటికి రా. ఇకనుంచి రోజూ నువ్వు ఎగువనుంచి చూసుకుంటూ రా, నేను దిగువనుంచి చూస్తాను," అంది.

నా నడుం గురించి చెప్పబోయి ఊరుకున్నాను.